పేరు అద్దని చొక్కా

క్లబ్బు ఆఫీసు మెట్లెక్కి ఎడమకి తిరిగితే పొడవాటి వరండా. దాని గోడ నిండా ఫొటోలే. ఫుట్‌బాల్ జట్టుని నడిపే కొత్త మేనేజర్ వచ్చిన ప్రతిసారీ తీసి తగిలించినవి. అన్నిట్లోనూ ఒకటే అమరిక. మధ్యలో కొత్త మేనేజర్, అతని చేతుల్లో తన పేరున్న చొక్కా, అటూ ఇటూ అతన్ని ఎన్నుకున్న కమిటీ పెద్దలు. మేనేజర్లు మారారు. పెద్దల జుట్టు రంగు మారింది, కొందరికైతే జుట్టే పోయింది. కుడివైపు చివర, సగం భుజం ఫ్రేము బయటికి పోయి నిలబడ్డ ఒకావిడ మాత్రం మారలేదు.

ఆవిడ ఆ కమిటీలో సభ్యురాలు, పనివాళ్ళ తరఫున. ఇది దాచిన సంగతేమీ కాదు. మేనేజర్‌ని ఎన్నుకునే కమిటీలో స్టేడియం పనివాళ్ళ మనిషి ఒకరుండాలని క్లబ్బు నియమాల్లోనే ఉంది. పనివాళ్ళు ప్రతిసారీ ఆవిడనే ఎన్నుకున్నారు. సమావేశం రోజున ఆవిడ మంచి బట్టలు వేసుకుని, తల దువ్వుకుని, ఈ వరండాలో కుర్చీలో కూర్చునేది. లోపల సమావేశం జరిగేది. తలుపు తెరుచుకునేది. "రామ్మా, ఫొటో!" అనేవారు. వెళ్ళి చివర నిలబడేది. అంతే, మేనేజర్ ఎన్నికైపోయినట్టే.

మొదటిసారి క్లబ్బు కార్యదర్శి, "లోపల కుర్చీలు చాల్లేదమ్మా, ఇప్పుడే పిలుస్తాం" అన్నాడు. రెండోసారి, "అంతా ఆట గురించిన గొడవ, నీకు విసుగొస్తుంది" అన్నాడు. మూడోసారి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆవిడే వెళ్ళి వరండాలో కూర్చుంది. కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, నవ్వుతూ పలకరిస్తారు, లోపలికి మాత్రం రానివ్వరు. ఇంత మర్యాదగా అన్యాయం చేస్తుంటే ఎదురు తిరగడానికి నోరెలా వస్తుంది? ఆవిడకీ రాలేదు.

ఆవిణ్ణి అందరూ పెద్దక్క అంటారు. స్టేడియంలో లాండ్రీ ఆవిడ చేతిమీద నడుస్తుంది. లాండ్రీ అంటే మెట్లలా పైకి లేచే ప్రేక్షకుల గ్యాలరీ కింద, కిటికీ లేని ఒక పొడుగు గది. ఒకవైపు ఉతికే మిషన్లు, ఒకవైపు ఆరబెట్టేవి, మధ్యలో ఇస్త్రీ బల్లలు, మూలన అక్షరాల ప్రెస్సు. అక్కడంతా ఆడవాళ్ళే. మ్యాచ్ అయ్యాక సంచులకొద్దీ బట్టలొస్తాయి. గడ్డి మరకల నిక్కర్లు, తిరగబడి ముద్దయిన మేజోళ్ళు, వాటికి అంటుకున్న టేపు ముక్కలు. ఈ ఆడవాళ్ళెవరూ మ్యాచ్ చూడరు, వింటారు. పైన జనం ఒక్కసారిగా గెంతితే అలమరలో సబ్బుపొడి డబ్బాలు గడగడలాడతాయి. అది మనవాళ్ళ గోల్. డబ్బాలు కదలకుండా ఉత్త మూలుగు వినిపిస్తే అది అవతలివాళ్ళది.

అక్షరాల ప్రెస్సు గురించి కాస్త చెప్పాలి, కథంతా దాని చుట్టూనే ఉంది. చొక్కా వీపు మీద పేరు కుట్టరు, అద్దుతారు. వేడికి అతుక్కునే అక్షరాల్ని చొక్కా మీద వరసగా పేర్చి, పైనుంచి కాలే పలక దించి కాసేపు నొక్కి ఉంచితే పేరు పడుతుంది. మేనేజర్ మారినప్పుడు పాతాయన చొక్కాల మీది అక్షరాలకి ఆవిరి పట్టించి, మెత్తబడ్డాక ఒక్కొక్కటీ పీకాలి. ఆ పనీ వీళ్ళదే.

"ఈ క్లబ్బులో మేనేజర్ల కంటే జిగురే ఎక్కువ కాలం ఉంటోందక్కా" అంటుంది పెద్దక్క తోడికోడలు, పాత మేనేజర్ పేరు పీకుతూ. ఆవిడా లాండ్రీలోనే పని. ఇద్దరి కాపురాలూ ఒకే ఇంట్లో, ఒకే అత్తగారి కింద.

ఆ అత్తగారి సంగతి చెప్పకపోతే పెద్దక్క సంగతి సగమే చెప్పినట్టు. ఆవిడ కూడా ఒకప్పుడు ఇదే లాండ్రీలో చేసింది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు కాబట్టి టీవీ ముందు కూర్చుని మ్యాచ్‌లు చూస్తుంది. చూడ్డమంటే మామూలుగా కాదు, పోట్లాడుతుంది. రిఫరీని తిడుతుంది, గోల్‌కీపర్ని తిడుతుంది, చివరికి తిట్లన్నీ మేనేజర్ దగ్గర తేలతాయి. మేనేజర్ దగ్గర్నుంచి నేరుగా కోడలి మీదికి.

"ఏమే, వీణ్ణెక్కడ పట్టుకొచ్చారే? అంత మంచి పిల్లాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి ఆ మొద్దుని ఆడిస్తాడా? నువ్వు ఎన్నుకున్నవాడే కదా! కళ్ళు నెత్తికెక్కాయా ఎన్నుకునేటప్పుడు?"

పెద్దక్క గిన్నెలు సర్దుకునేది. తోడికోడలు నోరు తెరవబోతే కళ్ళతోనే ఆపేది. పెద్దక్క మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు, పైగా పక్క క్లబ్బు అభిమాని. "మా మేనేజర్‌ని మా ఆవిడ ఎన్నుకోలేదు కాబట్టి మేం గెలుస్తున్నాం" అని వంట గదిలోంచి వినబడేలా అనేవాడు. నవ్వులాటే. కానీ పదేపదే అంటుంటే నవ్వులాటలోనూ ముల్లుంటుంది. ఎన్నుకునే అవకాశం ఎలాగూ లేదు, ఎన్నిక తప్పిన నింద మాత్రం ఇంట్లో ఆవిడ నెత్తిన పడేది. ఆవిడ అదీ భరించింది. అత్తగారికి నిజం చెప్పాలంటే భయం కాదు, సిగ్గు. ఎందుకు సిగ్గో ముందు ముందు తెలుస్తుంది.

ఈ సీజన్ మధ్యలో క్లబ్బు వరసగా ఓడింది. మేనేజర్ పోవాలని జనం గ్యాలరీల్లో తెల్ల చేతిరుమాళ్ళు ఊపారు. మేనేజర్‌ని పంపేశారు. టీవీలో పెద్ద పెద్ద పేర్లు తిరగడం మొదలయ్యాయి. ఆయనొస్తాడట, ఈయనొస్తాడట, ఆయనకి ఈ ఊరి చలి పడదట, ఈయన భార్యకి బడి నచ్చలేదట. లాండ్రీలో పాత అక్షరాలు పీకడం అయిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం కార్యదర్శి లాండ్రీకి దిగాడు. ఆయన అక్కడికి రావడమే అరుదు. ఆవిరికి కళ్ళద్దాలు మసకబారితే తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఏమ్మా, రేపు కమిటీ. చొక్కా రెడీ చెయ్యి. పేరు ఇదీ" అని చెప్పాడు.

ప్రతిసారీ జరిగేదే. పేపర్లకంటే ముందు, టీవీ కంటే ముందు, కొత్త మేనేజర్ ఎవరో లాండ్రీకి తెలుస్తుంది. సమావేశానికి ముందురోజే తెలుస్తుంది. ఫొటో వేళకి చొక్కా మీద పేరుండాలి కదా మరి. ఇందులో తప్పేముందని కార్యదర్శికి ఎన్నడూ తోచలేదు. నిజం చెప్పాలంటే ఈ ఆడవాళ్ళకీ తోచలేదు. అలవాటైన అన్యాయం గోడలో మేకులాంటిది. దానికే చొక్కా తగిలిస్తాం.

కార్యదర్శి వెళ్ళబోయి మెట్ల దగ్గర ఆగాడు.

"ఇంకో సంగతమ్మా. వచ్చేది పెద్ద మనిషి. ఆయనకి కొన్ని షరతులుంటాయి. ఆటగాళ్ళకి మ్యాచ్‌ల వీడియోలు చూపించడానికి డ్రెస్సింగ్ రూమ్ పక్కనే ఒక గది కావాలట. డ్రెస్సింగ్ రూమ్ పక్కన ఉన్నది ఇదే. బట్టలు బయట కంపెనీకి ఇచ్చేద్దామనుకుంటున్నారు పైవాళ్ళు."

మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరో ఒకటి ఆపారు.

"మరి మేమండీ?" అంది పెద్దక్క.

"చూద్దాంలే. ఆ కంపెనీవాళ్ళతో ఓ మాట చెబుతాం. వాళ్ళకీ మనుషులు కావాలిగా. అయినా ఇప్పుడే ఎందుకు కంగారు? చొక్కా మాత్రం మర్చిపోకు."

ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. తోడికోడలు అంది.

"అద్దెయ్ అక్కా. మన గొయ్యి తవ్వేవాడి పేరు మనమే అందంగా అద్దిద్దాం. అక్షరం వంకర పోకుండా చూడు, మళ్ళీ చెడ్డపేరొస్తుంది."

"నోర్ముయ్యవే."

"నేను మూసుకుంటాలే. రేపు నువ్వు లోపల నోరు తెరుస్తావా? తెరవడానికి లోపలికెళ్తే కదా!"

 ఇస్త్రీ బల్ల దగ్గర కొత్తగా చేరిన ఒకావిడ, భర్త పోయి ఇద్దరు పిల్లలతో ఉన్నావిడ, మెల్లిగా అడిగింది. "అక్కా, మీరు కమిటీలో ఉన్నారుగా. మీరు వద్దంటే ఆగదా?" ఆవిడ నిజంగానే అడిగింది. వరండా సంగతి ఆవిడకి తెలీదు. తోడికోడలు దెప్పిపొడిచినప్పుడు తగలని దెబ్బ ఈ మాటతో తగిలింది.

ఆ సాయంత్రం పెద్దక్క ఇంటికెళ్ళేసరికి అత్తగారు టీవీలో, రాబోతున్నాడని పుకారున్న మేనేజర్ పాత మ్యాచ్‌లు చూస్తోంది.

"వీడే రావచ్చంటున్నారే! పర్లేదే. కాస్త మెదడున్నవాడిలాగే ఉన్నాడు. ఈసారైనా బాగా చూసి ఎన్నుకుంటావా, మళ్ళీ మొహమాటపడతావా?"

"అత్తయ్యా" అంది పెద్దక్క, చెప్పులు కూడా విడవకుండా. "నేను ఎప్పుడూ ఎవర్నీ ఎన్నుకోలేదు."

"అంటే?"

"నన్ను లోపలికి రానివ్వరు. బయట కూర్చోబెడతారు. ఫొటోకి పిలుస్తారు."

తోడికోడలు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మొగుడు పక్క గదిలోంచి వచ్చి, ఏదో చమత్కారం అనబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. అత్తగారు టీవీ కట్టేసింది. ఆ ఇంట్లో మ్యాచ్ మధ్యలో టీవీ ఆగడం అదే మొదలు.

"ఎన్నాళ్ళనుంచి?"

"మొదట్నుంచీ."

ఇప్పుడు ఆ కుర్చీ సంగతి చెప్పాలి. కమిటీలో పనివాళ్ళకి చోటు ఊరికే రాలేదు. అత్తగారు వయసులో ఉన్నప్పుడు, ఒక మేనేజర్ తన మనుషుల్ని తెచ్చుకుని స్టేడియం పనివాళ్ళలో సగం మందిని తీసేయబోయాడు. పనివాళ్ళు బ్యానర్లు కట్టలేదు, రాళ్ళు వెయ్యలేదు. పెద్ద మ్యాచ్ రోజున మైదానంలో తెల్ల గీతలు గీయడం మానేశారంతే. జనం నిండిపోయారు. రిఫరీ బయటికొచ్చి చూశాడు. ఒట్టి పచ్చగడ్డి. మధ్య గీత లేదు, గోల్ ముందు పెట్టె లేదు, మూల లేదు. ఆయన విజిల్ జేబులో పెట్టుకుని లోపలికెళ్ళిపోయాడు. గీతలు గీసే సున్నం డబ్బాల మీద కూర్చున్నవాళ్ళలో అత్తగారూ ఉంది. క్లబ్బు దిగొచ్చి ఆ రోజు ఇచ్చిందే ఆ కుర్చీ. పెద్దక్క సిగ్గుకి కారణమూ అదే. అత్తగారు గెలిచి తెచ్చిన కుర్చీలో కోడలు ఒక్కసారైనా కూర్చోలేదు.

పెద్దక్క తిట్లకి సిద్ధపడి నిలబడింది. తిట్లు రాలేదు.

"ఇన్నాళ్ళూ నిన్ను అనవసరంగా తిట్టానా అయితే" అంది అత్తగారు. మళ్ళీ తనే అంది. "ఆ ఫొటోలన్నీ పేపర్లోంచి కత్తిరించి దాచుకున్నానే నేను. రేపటిది మాత్రం నాకు చూపించకు."

మర్నాడు పొద్దున పెద్దక్క అందరికంటే ముందు లాండ్రీకి వచ్చింది. కొత్త చొక్కా బల్ల మీద పరిచింది. అక్షరాలు పేర్చింది. ప్రెస్సు వేడెక్కి ఎర్ర దీపం ఆరి పచ్చ దీపం వెలిగింది. పలక దించడమే తరువాయి. తోడికోడలు వచ్చి చూసేసరికి పెద్దక్క పేర్చిన అక్షరాల్ని ఒక్కొక్కటీ ఏరి మళ్ళీ డబ్బాలో వేస్తోంది.

"ఏంటక్కా, స్పెల్లింగ్ తప్పిందా?"

"లేదు. తొందరపడుతున్నామనిపించింది."

చొక్కాని ఎప్పట్లాగే మడతపెట్టింది. క్లబ్బు ముద్ర పైకి, వీపు లోపలికి. ప్రెస్సు స్విచ్చి మాత్రం ఆపలేదు. "దీన్ని వేడిగా ఉంచు" అని తోడికోడలికి చెప్పి మెట్లెక్కింది.

వరండాలో కూర్చుంది. టీ వచ్చింది, తాగింది. తలుపు సందులోంచి లోపలి బల్ల కనబడుతోంది. బల్ల చుట్టూ పెద్దలు. ఒక కుర్చీ ఖాళీ. పూర్తిగా ఖాళీ కాదు, దాని మీద అధ్యక్షుడి కోటు పరిచి ఉంది. కుర్చీలు చాల్లేదని కదా ఇన్నాళ్ళూ చెప్పింది! ఆ కోటు ఉతికేదీ ఈవిడే. కాలరు లోపల మెడ నూనె జిడ్డు ఎంత తోమినా పోదు.

ఎక్కువసేపు పట్టలేదు. తలుపు తెరుచుకుంది. "రామ్మా, ఫొటో!" అన్నాడు కార్యదర్శి. ఫొటోగ్రాఫర్లనీ కొందరు విలేకరులనీ కూడా లోపలికి పంపారు. కొత్తాయన బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, ప్రయాణం చేసి వచ్చిన అలసట. పెద్దక్క చొక్కా ఆయన చేతికిచ్చి, వెళ్ళి తన మామూలు చోట, చివర్న, నిలబడింది.

"సార్, తిప్పి పట్టుకోండి. పేరు కనబడాలి" అన్నాడు ఫొటోగ్రాఫర్.

ఆయన చొక్కా విప్పి తిప్పాడు. వీపు తెల్లగా ఉంది. మళ్ళీ తిప్పాడు. ముద్ర. మళ్ళీ వీపు. ఎవరో విలేకరి కిసుక్కున నవ్వాడు.

"ఏంటమ్మా ఇది? పేరేది?" అన్నాడు అధ్యక్షుడు.

"ఎవరి పేరండీ?"

"ఎవరి పేరేంటి? ఈయన పేరు!"

"ఈయన్ని ఎప్పుడు ఎన్నుకున్నారండీ?"

"ఇదిగో, ఇప్పుడే కదా."

"మరి పేరు నిన్ననే అద్దమన్నారండీ. నిన్నటికింకా ఎన్నుకోలేదు కదా, కమిటీ ఇవాళ కదా అని ఆగాను. తొందరపడి అద్దితే పీకడం కష్టమండీ. జిగురు గట్టిది."

ఆవిడ ఇందులో ఒక్క మాటకీ గొంతు పెంచలేదు. చొక్కా ఎందుకు ఆలస్యమైందో చెప్పినట్టే చెప్పింది. కానీ విలేకరుల పెన్నులు కదిలాయి. "నిన్ననే పేరు చెప్పారా? ఎవరు చెప్పారు?" అని ఒకరు. "అయితే కమిటీ ఎందుకు?" అని ఇంకొకరు. కార్యదర్శి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈసారి గదిలో ఆవిరేమీ లేదు.

"కాసేపు అందరూ బయట ఉండండి" అన్నాడు అధ్యక్షుడు.

బయట అన్న మాట వినగానే పెద్దక్క కాళ్ళు అలవాటుగా కదిలాయి. తలుపుదాకా వెళ్ళి ఆగింది. విలేకరులు ఆవిణ్ణి దాటుకుంటూ వెళ్ళిపోయారు. ఆవిడ వెనక్కి తిరిగి, ఆ కుర్చీ మీది కోటు తీసింది. చేతులు లోపలికి మడిచి, కాలరు సర్ది, కిటికీ గట్టు మీద పెట్టింది. కుర్చీలో కూర్చుంది.

"నువ్వు కూడా బయటే..." అన్నాడు కార్యదర్శి.

"నేను కమిటీనండీ."

 నియమాలు వాళ్ళవే. బయట విలేకరులు.

"సరే. ఈయన్ని మేనేజర్‌గా తీసుకోవాలని ప్రతిపాదన. నువ్వేమంటావు?" అన్నాడు అధ్యక్షుడు, తొందరగా.

"ఒక మాట అడగాలండీ ఆయన్ని." కొత్తాయన వైపు తిరిగింది. "మా లాండ్రీ గది మీకెందుకండీ?"

"ఏ గది?" అన్నాడాయన.

"డ్రెస్సింగ్ రూమ్ పక్కది. మీరు అడిగారంట."

"నేను వీడియో చూసుకోవడానికి ఒక గది అడిగాను. ఏ గది అని చెప్పలేదు. నాకు గోడ, తెర, కుర్చీలు ఉంటే చాలు. ఎక్కడైనా సరే." ఆయన ముఖంలో చిరాకు కనబడింది, ఆవిడ మీదో వాళ్ళ మీదో తెలీదు. "నన్ను ఇలాంటి వాటిలోకి లాగకండి. నేను ఆట కోసం వచ్చాను."

మంచివాడని కాదు, చెడ్డవాడనీ కాదు. తన పేరు చెప్పి ఎవరెవరి కడుపులు కొట్టబోతున్నారో ఆయనకి తెలీదు, అంతే. పెద్దల పద్ధతే అది. చెయ్యదలుచుకున్నది ముందే అనుకుంటారు. వచ్చేవాడి నెత్తిన దాన్ని రుద్దుతారు. అడిగితే ఆయన షరతు అంటారు.

"అది చిన్న విషయమమ్మా, తర్వాత చూసుకుందాం" అన్నాడు అధ్యక్షుడు.

"మీకు చిన్నదేనండీ. మాకున్నది అదొక్కటే."

కాసేపు గుసగుసలాడుకున్నారు. బయట నుంచి ఎవరో తలుపు తట్టారు. చివరికి, ఈ సీజన్ అయ్యేదాకా లాండ్రీ జోలికి పోకూడదనీ, ఆ తర్వాత ఏం చేసినా ముందు పనివాళ్ళతో కూర్చుని మాట్లాడాలనీ రాసుకున్నారు. వీడియో గదికి ట్రోఫీల గది పక్కన సామాన్లు పడేసిన గది ఒకటి దొరికింది. ఇన్నాళ్ళూ అది ఎవరి కంటా పడలేదు.

తర్వాత చేతులెత్తమన్నారు. పెద్దక్క కూడా ఎత్తింది. అధ్యక్షుడు నోరు తెరిచాడు.

"నువ్వూ ఈయనకే వేస్తున్నావా? మరి ఈ రభసంతా ఎందుకు?"

"ఆయనలో తప్పేముందండీ? మా అత్తయ్యకి నచ్చాడు."

అప్పుడు పెద్దక్క విలేకరుల్ని ఇంకాసేపు ఆగమని, చొక్కా తీసుకుని కిందికి దిగింది. మెట్ల మలుపులోనే లాండ్రీవాళ్ళందరూ ఉన్నారు. ఇస్త్రీ బల్ల దగ్గరావిడ ఏమైందని అడగడానికి కూడా భయపడుతూ చూస్తోంది. "ఈ సీజన్‌కి ఉన్నాం" అంది పెద్దక్క. "అక్షరాలివ్వండి." తోడికోడలు ప్రెస్సు వేడిగానే ఉంచింది. అక్షరాలు పేర్చారు, పలక దించారు. క్లబ్బులో మొదటిసారి ఒక మేనేజర్ పేరు అతన్ని ఎన్నుకున్నాక చొక్కా మీద పడింది. చల్లారడానికి టైం లేదు. కొత్తాయన అందుకుంటూ, "వేడిగా ఉందే" అన్నాడు.

పేపర్లో ఫొటో వచ్చింది. పెద్దక్క చివరే ఉంది, భుజం మాత్రం ఫ్రేములోపలే ఉంది. అత్తగారు కత్తెర అడిగింది.

మొదటి మ్యాచ్ ఓడిపోయారు. ఘోరంగా. అత్తగారు టీవీ ముందు లేచి నిలబడినంత పని చేసింది.

"ఏమే! ఇలాంటి దద్దమ్మనా ఎన్నుకునేది? మెదడున్నవాడిలా కనబడితే సరిపోతుందా? అడగొద్దూ నాలుగు మాటలు?"

"నచ్చాడన్నది మీరే కదా అత్తయ్యా."

"నేను నచ్చాడన్నాను. చెయ్యెత్తింది నువ్వు!"

పెద్దక్క నవ్వింది. ఎన్నేళ్ళుగానో పడ్డ తిట్టే అది. ఈసారి మాత్రం న్యాయంగా తనకే చెందింది.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది, కానీ సంగతి ఇంకా అవలేదు. సీజన్ చివరికొస్తోంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో క్లబ్బు పెద్దలు ఒక ప్రతిపాదన పెడుతున్నారు. మేనేజర్ ఎంపిక కమిటీ మరీ పెద్దదైపోయిందట, నిర్ణయాలు త్వరగా జరగడానికి ఒక కుర్చీ తగ్గించాలట. ఏ కుర్చీయో మీకు చెప్పక్కర్లేదు. అది పోతే లాండ్రీ గురించి పనివాళ్ళతో మాట్లాడాలన్న మాట పట్టించుకునేవాళ్ళు ఆ గదిలో ఎవరూ ఉండరు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళ బతుకులు మళ్ళీ వరండాలో కూర్చోవాలి.

ఆ ప్రతిపాదన మీద ఓటు ఈవిడకి లేదు, మీకుంది. మీలో చాలామంది ఆ క్లబ్బు సభ్యులు. సభ్యత్వ కార్డు టికెట్టు దొరకడానికే తప్ప దేనికీ తియ్యరు. సమావేశానికి వచ్చేది ఎప్పుడూ ముందు వరసవాళ్ళే, చేతులెత్తేదీ వాళ్ళే. ఈసారి రండి. పక్కింటాయన్ని తీసుకురండి, మీ వదిన పేరున కార్డుంటే ఆవిణ్ణీ తీసుకురండి. ప్రతిపాదన చదివినప్పుడు వద్దని చెయ్యెత్తండి. లోపలికెళ్ళగానే చూడండి, ఖాళీగా ఉన్న కుర్చీ మీద ఎవరిదైనా కోటు పడి ఉంటుంది. తీసి పక్కన పెట్టి కూర్చోండి.

తర్వాత మేనేజర్‌ని ఎంతైనా తిట్టుకుందాం.